నూట యాభైలో ఇరవై ఏడోది

కంటికి కనిపించిందే రాయి, కనిపించనిది రాయకు. ఉద్యోగంలో చేరిన రోజున మా సూపరింటెండెంటు గారు నాకు చెప్పిన మాట ఇది. ఆయన చెప్పిన మిగతావన్నీ మరిచిపోయాను గానీ, దీన్ని మాత్రం పద్దెనిమిదేళ్ళు పట్టుకుని వేలాడాను. చివరికి నా కొంప ముంచింది కూడా ఇదే.

నా పేరు నూకరత్నం. మాది బొబ్బిలి. ఉద్యోగం మాత్రం రాయలసీమలో, తుమ్మలగొంది అనే ఊళ్ళో, డివిజనల్ వర్షపాత నమోదు కార్యాలయంలో. జనం దాన్ని వానాఫీసు అంటారు. ఆవరణలో వాన కొలిచే గేజీ ఒకటి ఉంటుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దాని మూత తీసి, లోపల ఎన్ని మిల్లీమీటర్ల నీళ్ళున్నాయో చూసి, రిజిస్టరులో రాసి పైకి పంపడం నా పని. సున్నా, చుక్క, సున్నా. ఏడాదిలో మూడొందల ముప్పై రోజులు అదే రాయాలి. రాసేవాళ్ళకు విసుగు పుడుతుంది తప్ప వాన పుట్టదు.

స్టోరు కూడా నాదే. స్టోరంటే ఆఫీసులో ఉన్న ప్రతి వస్తువూ అన్నమాట. మా శాఖలో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువు వచ్చినా దాని మీద తెల్ల పెయింటుతో అంకె వేస్తాం. నేను కూర్చునే కుర్చీ వీపున 7/12 అని ఉంటుంది. పన్నెండు కుర్చీల్లో ఇది ఏడోది అని అర్థం. బీరువాలు 1/4 నుంచి 4/4 దాకా ఉంటాయి. మంచినీళ్ళ కుండ 1/1. తనిఖీకి వచ్చినవాళ్ళు గీతకు కిందున్న అంకె చూసి, అన్ని వస్తువులూ ఉన్నాయో లేదో సరిచూసుకుంటారు. ఇంత మంచి పద్ధతి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని అనుకునేదాన్ని. ఉందని తెలియడమే నా ఖర్మ.

మా ఆయన సన్యాసినాయుడు బొబ్బిలిలో బడిపంతులు. పెళ్ళయి పదకొండేళ్ళయింది. అందులో మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపితే రెండేళ్ళు కూడా కావు. భార్యాభర్తలకు ఒకే చోట పోస్టింగు ఇవ్వాలని జీవో ఉంది. నేను ఏటా దరఖాస్తు పెడతాను, ఏటా "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వస్తుంది. మా పెళ్ళి ఫొటో పెద్దది ఒకటి నా ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. దాన్ని ఇప్పటిదాకా పటం కట్టించలేదు. కట్టిస్తే ఏ ఇంటి గోడకు తగిలించాలో తేలక.

ఇలా ఉండగా సర్క్యులర్ వచ్చింది.

పైనున్న పెద్ద అధికారి ఒకాయన శిక్షణకని విదేశం వెళ్ళారట. అక్కడ రోడ్డు మీద వాన పట్టుకుంటే పక్కనే ఉన్న మ్యూజియంలోకి దూరారట. వాన వెలిసేదాకా బొమ్మలు చూసి, చూసి, చలించిపోయారట. తిరిగి రాగానే ఈ కాగితం పుట్టింది. "ఉద్యోగుల అంతరంగములందు సౌందర్య దృష్టిని పెంపొందించు నిమిత్తము, ప్రతి కార్యాలయమును ఆధునిక చిత్రకళా మహనీయుని యొక్క ముద్రిత చిత్రము ఒకదానిని సేకరించి, చట్రమునందు బిగించి, సందర్శకులకు కనిపించు స్థలమున వేలాడదీయవలెను. వేలాడదీసినట్లును, ఉద్యోగులు చూచినట్లును, చూచి ఆనందించినట్లును వేర్వేరు ధ్రువీకరణ పత్రములు పంపవలెను."

మా ఆఫీసరు చక్రధరరావు గారు దాన్ని మూడుసార్లు చదివారు. ఆయన మాట్లాడినా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. ఒకసారి ఇంట్లో పప్పులో ఉప్పెక్కువైతే వాళ్ళావిడతో "ఇటువంటివి పునరావృతం కాకుండా తగు జాగ్రత్త వహించవలసినది" అన్నారని మా అటెండరు ఓబులేసు చెబుతాడు. ఓబులేసు అబద్ధాలు చెప్పడు, అంత ఓపిక లేదు.

నెల తిరక్కుండా హైదరాబాదులోని ఒక గ్యాలరీ నుంచి పొడుగాటి గొట్టం వచ్చింది. అందులో చుట్టి పెట్టిన బొమ్మ. మందమైన కాగితం మీద పెద్ద ఎర్రటి గుండ్రం, దాన్ని అడ్డంగా కోస్తూ మూడు నల్ల గీతలు, ఒక మూల కాస్త నీలం. చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున తెల్లటి అంచు. కింద అంచు మీద కుడివైపు పెన్సిల్‌తో గెలుకుడు సంతకం, ఎడమవైపు పెన్సిల్‌తోనే 27/150 అనే అంకె. బొమ్మ వేసినాయన పోయి నలభై ఏళ్ళయిందని వెంట వచ్చిన కాగితంలో ఉంది. ఆయన పేరు పలకడానికి ముగ్గురం మూడు విధాలుగా ప్రయత్నించి మానుకున్నాం.

"ఇది సూర్యుడా సార్, ఎండిన చెరువా?" అని ఓబులేసు అడిగాడు.

"ఆ విషయమై మనకు ఎటువంటి మార్గదర్శకాలు అందలేదు" అన్నారు చక్రధరరావు గారు.

నేను స్టాకు రిజిస్టరు తెరిచి, "ఆధునిక చిత్రపటము, ఎర్రనిది, గుండ్రనిది, నం. 27/150" అని రాశాను. పెయింటు వేసే శ్రమ లేకుండా అక్కడివాళ్ళే అంకె వేసి పంపినందుకు సంతోషించాను కూడా. మిగతా నూట నలభై తొమ్మిదీ మిగతా ఆఫీసులకు పోయి ఉంటాయిలే అనుకున్నాను. అనుకున్నది రాయలేదు, కనిపించిందే రాశాను.

బస్టాండు పక్కన ఖాదర్ వలీ పటాల దుకాణం ఉంది. దేవుళ్ళు, పెళ్ళిళ్ళు, పోయిన పెద్దలు, అన్నీ అతని చేతి మీదుగానే గోడలెక్కుతాయి. ఎవరొచ్చినా అతను మొదట అడిగేది ఒకటే ప్రశ్న. నన్నూ అదే అడిగాడు.

"ఉన్నోళ్ళా మేడం, పోయినోళ్ళా?"

పోయినవాళ్ళ పటానికి పైన దండ తగిలించే కొక్కెం, చిన్న జీరో బల్బు పెడతాడు. ఉన్నవాళ్ళ పటానికి అవి ఉండవు.

"బొమ్మ వేసినాయన పోయాడు ఖాదర్ భాయ్" అన్నాను.

"అట్లయితే కొక్కెం పెట్టల్ల" అని బొమ్మను బల్ల మీద పరిచి కాసేపు చూశాడు. "బాగుండాది మేడం. ఏమిటో తెలీదు గానీ, చూస్తాంటే దప్పికయితాది." ఆ బొమ్మ గురించి మా ఆఫీసులో ఎవరూ ఇంతకంటే మంచి మాట చెప్పలేదు. తర్వాత స్కేలు తీసి కొలిచాడు. "నా దగ్గరుండే చట్రానికి ఇది పెద్దదయితాది. ఈ తెల్ల అంచు కోసేస్తా. ఎట్లా ఉత్త కాగితమే గదా. ఆ పెన్సిలు గీతలు గూడా పోతాయి, శుభ్రంగా ఉంటాది."

నేను గభాలున బొమ్మ మీద చెయ్యి పెట్టాను. "అంచు కోయకు. ఆ అంకె రిజిస్టరుకెక్కింది. అంకె పోతే వస్తువు పోయినట్టే."

అతను కత్తి పక్కన పెట్టి, "సరే మేడం. మీరు లెక్క తప్పనోళ్ళు, నాకు తెలీదా" అన్నాడు. పెద్ద చట్రం కొత్తగా కోయించి, అంచుతో సహా కట్టాడు. మాటల్లో నా పెళ్ళి ఫొటో సంగతి వచ్చింది. విని, "తెచ్చియ్యండి. మీకు ట్రాన్స్‌ఫర్ వచ్చిన పొద్దు కట్టిస్తా. అంతవరకూ నా దగ్గరుంటాది, చెదలు పట్టకుండా" అన్నాడు. మర్నాడు ఇచ్చి వచ్చాను. ఆ రోజు ఎందుకో మనసు తేలికపడింది.

పటాన్ని సందర్శకుల గదిలో తగిలించాం. కొక్కెం ఉంది కాబట్టి ఓబులేసు దండ వేశాడు. దండ వేశాక అగరొత్తి వెలిగించకపోతే బాగుండదని అదీ వెలిగించాడు. వానల సంగతి కనుక్కోవడానికి వచ్చే రైతులు గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి లోపలికి రావడం మొదలుపెట్టారు. ఒక ముసలామె చాలాసేపు పటం ముందు నిలబడి, "ఎవురప్పా పోయింది?" అని అడిగింది.

"పెద్దాయనేలే అవ్వా. ఫారిన్‌లో" అన్నాడు ఓబులేసు.

"ఎట్ల పోయినాడో పాపం, మొగం గూడా మిగల్లేదు" అని ఆమె కళ్ళొత్తుకుంది. చక్రధరరావు గారు దాన్ని "సందర్శకులు విశేషముగా స్పందించుచున్నారు" అని పైకి రాశారు.

జూన్ మొదటి వారంలో నా ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. బొబ్బిలికే. పదకొండేళ్ళకు. కాగితం పట్టుకుని స్టోరు గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఫోన్ చేస్తే మా ఆయన నమ్మలేదు. "రత్నం, నిజంగానేటి?" అన్నాడు. నిజమేనన్నాను. "ముందుగది గోడకి మేకు కొట్టీసి ఉంచుతాను. పెళ్ళి పటానికి" అన్నాడు.

ఇక మిగిలింది రిలీవ్ కావడమే. స్టోరు నా చేతిలో ఉంది కాబట్టి, స్టాకు సరిచూసే అధికారి వచ్చి, ఉండవలసినవన్నీ ఉన్నాయని సంతకం పెడితే తప్ప నన్ను వదలరు. ఆ అధికారి పేరు నిత్యానందం. పేరులో ఎంత ఆనందం ఉందో మొహంలో అంత లేదు. కుర్చీలు తిరగేసి చూశాడు, బీరువాలు చూశాడు, కుండ వంచి చూశాడు. పటం దగ్గరకు వచ్చాడు.

"చిత్రపటం, ఇరవై ఏడు బై నూట యాభై. ఉంది. మిగతావి చూపించండి."

"మిగతావి లేవండి. మనకు వచ్చింది ఒక్కటే."

"కుర్చీ ఏడు బై పన్నెండు. పన్నెండు కుర్చీలూ ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"బీరువా మూడు బై నాలుగు. నాలుగూ ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"కుర్చీకో పద్ధతీ, పటానికో పద్ధతీ ఉంటుందామ్మా ప్రభుత్వంలో?"

ఆ బొమ్మను అచ్చు వేసినాయన మొత్తం నూట యాభై ప్రతులు తీసి, ఒక్కోదాని మీద వరస అంకె వేసుకున్నాడనీ, బొమ్మలవాళ్ళలో అదొక ఆనవాయితీ అనీ గ్యాలరీ కాగితం చూపించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఆ చిత్రకారుడు మన శాఖ ఉద్యోగా?"

"కాదండి."

"మరి మన శాఖ పద్ధతిలో అంకె ఎందుకు వేశాడు?"

మిగతా ఆఫీసుల్లో ఉన్నాయేమోనని ఆయనే ఫోన్లు చేశాడు. ఒక ఆఫీసులో నీలం గుర్రం, ఇంకో ఆఫీసులో మూడు కళ్ళ ఆడమనిషి, ఎక్కడా ఎర్ర గుండ్రం లేదు. "నూట నలభై తొమ్మిది చిత్రపటముల ఆచూకీ తేలువరకు ఈ ఉద్యోగినిని రిలీవ్ చేయరాదు" అని రాసి వెళ్ళిపోయాడు. ఆగస్టు ముప్పై ఒకటిలోగా రిలీవ్ కాకపోతే నా ఆర్డరు రద్దవుతుంది. ఆ సీటుకు వెనక పదహారు మంది కాచుకుని ఉన్నారు.

గ్యాలరీకి ఉత్తరం రాశాం. "తక్కిన ప్రతులు వివిధ దేశాల్లో కళాభిమానుల ఇళ్ళలో ఉన్నాయి. మాకు తెలిసిన నలభై ఒక్క చిరునామాలు జతచేస్తున్నాం" అని జవాబు వచ్చింది. ఇది చదివాకైనా గొడవ వదులుతుందని నేను ఆశపడ్డాను. చక్రధరరావు గారు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అనగా, ప్రభుత్వ ఆస్తి ప్రైవేటు వ్యక్తుల అనధికార స్వాధీనమందున్నది."

"సార్, అవి వాళ్ళు కొనుక్కున్నవి."

"ఆక్రమణదారులందరును ప్రారంభంలో అటులనే చెప్పుదురు. నోటీసులు జారీ చేయండి."

మా దగ్గరున్నవి చెరువు గట్లు ఆక్రమించినవాళ్ళకు ఇవ్వడానికి ఎప్పుడో అచ్చు వేయించిన ఫారాలు. ఓబులేసూ నేనూ కూర్చుని అవే నింపాం. సర్వే నంబరు ఉన్నచోట పటం నంబరు రాశాం. "ఆక్రమణ స్వభావము: మెట్ట/మాగాణి" అన్నచోట రెండూ కొట్టేసి "గోడ" అని రాశాం. "ఏడు దినములలో ఖాళీ చేయనిచో సదరు ఆక్రమణ మీ ఖర్చుతో తొలగింపబడును" అనే వాక్యం అచ్చులోనే ఉంది. నలభై ఒక్క తెలుగు నోటీసులు సముద్రాలు దాటి వెళ్ళాయి. పోస్టాఫీసులో ఆ రోజు స్టాంపులు అయిపోయాయి.

జులై పోయింది. చినుకు లేదు. ఆగస్టు రెండో వారంలో ఒక పెద్ద కవరు వచ్చింది. నార్వేలో ఎక్కడో ఒక ద్వీపం నుంచి ఒకావిడ పంపింది. కవరులో రెండు అట్టల మధ్య పదిలంగా అదే ఎర్ర గుండ్రం, అంచు మీద 63/150. వెంట ఇంగ్లీషులో ఒక ఉత్తరం. హైస్కూలు ఇంగ్లీషు మేష్టారు చదివి చెప్పాడు.

"అయ్యలారా, మీ ఉత్తరం నాకు చదవడం రాలేదు. కానీ అంత అందమైన గుండ్రటి అక్షరాలు నా జన్మలో చూడలేదు. దాన్ని చట్రం కట్టించి, బొమ్మ తీసిన చోటే తగిలించాను. కవరు మీద ముద్ర చూసి, మీరు వాన కొలిచేవాళ్ళని ఒకరిని అడిగి తెలుసుకున్నాను. ఈ బొమ్మలన్నిటినీ ఒక్కచోటికి చేర్చాలని మీరు అనుకోవడం నాకు చాలా నచ్చింది. నాకు ఎనభై ఆరేళ్ళు. నా తర్వాత దీన్ని చూసుకునేవాళ్ళు లేరు. మీ దగ్గర సుఖంగా ఉంటుంది."

వింటుంటే ఆవిడ కాళ్ళకు మొక్కాలనిపించింది. ఆక్రమణ నోటీసుకు పటం కట్టించుకున్న మహాతల్లి ఆవిడ. కానీ ఆవిడ మంచితనమే నా మెడకు చుట్టుకుంది. కబురు తెలిసి నిత్యానందం మళ్ళీ వచ్చాడు.

"మిగతావి లేవన్నారు. ఒకటి రానే వచ్చిందిగా. అంటే తక్కిన నూట నలభై ఎనిమిదీ ఉన్నట్టేగా?"

ఆ సాయంత్రం ఖాదర్ దుకాణానికి వెళ్ళాను. "ఆ రెండు పటాల అంచులు కోసెయ్ ఖాదర్ భాయ్. అంకె ఉండకూడదు" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అతను నవ్వలేదు. "ఆ పొద్దు నేను కోస్తానంటే వద్దంటిరి. ఇప్పుడు కోసి ఏం లాభం మేడం? మీ పుస్తకంలో సిరాతో ఉండాది గదా. అంకె లేకపోతే ఉండే రెండు గూడా పోయినాయంటారు, నూట యాభైకీ మీరే బాధ్యులయితారు."

నిజమే. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాకు నేర్పింది అతనికి దుకాణంలోనే తెలుసు. స్టూలు మీద కూలబడ్డాను. అతను టీ తెప్పించి, తన గోడు చెప్పుకున్నాడు. ఊరికి నాలుగు మైళ్ళలో వాళ్ళ పల్లె ఉంది. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఆరెకరాలు. చెనక్కాయ, అంటే వేరుశెనగ, వేశారు. విత్తిన తరువాత ఒక్క పదును వాన లేదు. ఊడలు దిగే దశలో చెట్టు చెట్టే మాడిపోతోంది.

"ఈసారి మా మండలం కరువు లిస్టులో వచ్చేది ఖాయమంట మేడం. వచ్చే ఏటికి విత్తనాలన్నా ఇస్తారు. దానికంతా మీ గేజీనే ఆధారమంట గదా. మీ చేతి సున్నాలే మాకు సాక్ష్యం" అన్నాడు. నేను టీ తాగేసి లేచి వచ్చాను.

ఆగస్టు ఇరవై ఏడున చక్రధరరావు గారు నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద స్టోర్సు నిబంధనల పుస్తకం తెరిచి ఉంది. పాపం, ఆయన చెడ్డవారు కాదు. నాకోసం రెండు రోజులు ఆ పుస్తకం చదివారు.

"ప్రకృతి వైపరీత్యము వలన ధ్వంసమైన సామగ్రిని రికార్డుల నుండి తొలగింపవచ్చును. ఒక్క దినమున నూరు మిల్లీమీటర్లకు మించి వర్షము కురిసినచో అది వైపరీత్యము. వరండాలో భద్రపరచిన నూట నలభై ఎనిమిది చిత్రములు అట్టి వర్షమున నానిపోయినవి అనుకొనుడు. వర్షమును ధ్రువీకరించవలసిన అధికారి ఎవరు?"

"మీరే సార్."

"నా ధ్రువీకరణకు ఆధారము?"

"వర్షపాత రిజిస్టరు సార్."

"అందులో వ్రాయువారు?"

కిటికీ బయట గేజీ మీద కాకి కూర్చుని ఉంది. ఎండ కళ్ళలో గుచ్చుతోంది.

"సార్, వాన పడిందని రాస్తే కరువు లిస్టు..." అన్నాను చివరికి.

"వర్షము శుభసూచకము. వర్షము వలన రైతాంగమునకు నష్టము వాటిల్లినట్లు మన కార్యాలయమున ఎటువంటి దాఖలాలు లేవు" అన్నారాయన. తర్వాత ఉన్నట్టుండి మామూలు గొంతుతో, "నాలుగు రోజులే ఉందమ్మా. మళ్ళీ ఎన్నేళ్ళో" అన్నారు. ఆయన మనిషిలాగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. సర్క్యులరు భాషలోనే మాట్లాడి ఉంటే నేను కాదనేదాన్నేమో.

ఇంటికి పోయి మా ఆయనకు ఫోన్ చేశాను. ఏమీ చెప్పలేదు. ఆయనే చెప్పాడు. "మేకు రెండుసార్లు పీకి మళ్ళీ కొట్టినాను రత్నం. ఎత్తు సరిపోలేదు. ఇప్పుడు సరిగ్గా కుదిరింది. నువ్వొచ్చీడమే తరువాయి."

ఆగస్టు ఇరవై ఎనిమిది, పొద్దున ఎనిమిదిన్నర. గేజీ మూత తీశాను. లోపల దుమ్ము, ఒక చచ్చిన సాలీడు. రిజిస్టరు తెరిచి 112.4 అని రాశాను. నూట పది అని రాస్తే గుండ్రంగా ఉండి అనుమానం వస్తుంది. తప్పుడు పని చేసినా దశాంశం దాకా సరిగ్గా చేయాలి. నాకు తెలియక చేశానని అబద్ధం చెప్పను. ఖాదర్ వాళ్ళ పల్లెకు కూడా ఇదే గేజీ అని తెలుసు. చెనక్కాయ మాడిపోతోందనీ తెలుసు. తెలిసే రాశాను, అక్షరం వంకర పోకుండా.

మూడో రోజుకు అన్నీ అయిపోయాయి. "భీకర వర్షము" అని చక్రధరరావు గారు ధ్రువీకరించారు. నిత్యానందం నుదుటి చెమట తుడుచుకుంటూ, దుమ్ము లేచే వరండాను చూసి, వాన ఏ మూల నుంచి కొట్టిందో అడిగి రాసుకుని, సంతకం పెట్టాడు. "ఇప్పుడు సరిపోయిందమ్మా. మొదటే ఈ సంగతి చెప్పి ఉంటే మీకీ శ్రమ తప్పేది" అన్నాడు. ఇక ముందు ఇటువంటి గందరగోళం రాకూడదని, మిగిలిన రెండు పటాలకూ కొత్త అంకెలు వేయించారు. ఓబులేసు అద్దం ఊడదీసి, తెల్ల పెయింటుతో ఒక ఎర్ర గుండ్రం మధ్యలో 1/2 అనీ, ఇంకోదాని మధ్యలో 2/2 అనీ రాశాడు. అద్దం మీద రాస్తే చెరిగిపోతుందని చక్రధరరావు గారు దగ్గరుండి బొమ్మ మీదే రాయించారు. నార్వే ముసలావిడ గుర్తొచ్చి నేను బయటికి వచ్చేశాను.

బస్సెక్కే ముందు ఖాదర్ దుకాణానికి వెళితే తలుపులు వేసి ఉన్నాయి. పల్లెకు పోయాడన్నారు. నిజం చెప్పాలంటే, మూసి ఉన్నందుకు నా ప్రాణం కుదుటపడింది. ఫొటో పంపమని ఓబులేసుకు చిరునామా ఇచ్చి వచ్చేశాను.

బొబ్బిలి వచ్చాక నెలన్నర బాగానే గడిచింది. ఇద్దరం కలిసి తినడం, ఒకరి మీద ఒకరు విసుక్కోవడం, సంతకు పోవడం, ఇవన్నీ కొత్తగా నేర్చుకున్నాం. అక్టోబరులో పేపర్లో కరువు మండలాల జాబితా వచ్చింది. నేను మొత్తం చదివాను. తుమ్మలగొంది చుట్టూ ఉన్న మండలాలన్నీ ఉన్నాయి. తుమ్మలగొంది లేదు.

దీపావళి ముందు పార్సిల్ వచ్చింది. గోనెపట్టా విప్పితే మా పెళ్ళి పటం. మంచి టేకు చట్రం, పక్కలకు సన్నటి బంగారు గీత. వెనకాల ఒక కాగితం మడిచి పెట్టి ఉంది.

"మేడం గారికి ఖాదర్ వలీ సలాము. మాట ఇచ్చినట్ల పటం కట్టినా. ఉన్నోళ్ళది కాబట్టి కొక్కెం పెట్టలే. అంచు గూడా కోయలే, అంచు కోస్తే మీకు గిట్టదని తెలుసు. మా మండలం కరువు లిస్టులో రాలేదు మేడం. చెనక్కాయ అంతా పాయె. తమ్ముడు బెంగుళూరికి కూలికి పోయినాడు. మీ ఆఫీసుకు పోయి అడిగితే, ఆగస్టులో ఒక పొద్దు నూట పన్నెండు పడిందని పుస్తకం చూపిచ్చినారు. అన్నీ మీ రాతలాగానే ఉండాయి. మీరు పోయినాంక మీ రాతను చూసి ఎవురో దొంగ రాత రాసినారు. మీరుండి ఉంటే రాయనిచ్చేవాళ్ళు గాదు. మీ ఇంటాయన్ను అడిగినట్ల చెప్పండి."

మా ఆయన పటాన్ని చేతుల్లో పట్టుకుని వెనక్కి జరిగి, ముందుకు జరిగి చూసుకున్నాడు. "భలే కట్టినాడే. ఇంత బాగా ఈ ఊళ్ళో కట్టలేరు. ఎంత తీసుకున్నాడేటి?" అన్నాడు.

"ఏమీ తీసుకోలేదు" అన్నాను.

మేకు గోడకు అలాగే ఉంది. పటం బీరువా వెనకాల గోడకు ఆనించి ఉంది. ఎప్పుడు తగిలిద్దామని మా ఆయన వారానికోసారి అడుగుతాడు. గోడ చెమ్మగా ఉంది, ఆరనీ అంటాను. ఆయనకు అనుమానమేమీ లేదు, ఎందుకంటే ఇక్కడ వానలు బాగా పడతాయి. వాటిని కొలిచే పని నాది కాదు.